పాత కారుకి కొత్త సీళ్లు: ఇంట్లో చేసుకోగలిగేది ఎంత?

పదేళ్లు దాటిన కారు ఉన్న ఇళ్లలో రెండు ఫిర్యాదులు తరచూ వినిపిస్తాయి. ఒకటి, కారు తీశాక పార్కింగ్ నేల మీద కనిపించే నల్లటి నూనె మరక. రెండోది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లోపలికి వచ్చే మాడు వాసన. మెకానిక్‌కి చూపిస్తే ఒకరు “ప్యాకింగ్ మారిస్తే చాలు” అంటారు, ఇంకొకరు “ఇంజన్ దించాల్సిందే” అంటారు. మొదటిది వందల్లో తేలిపోయే పని, రెండోది వేలల్లోకి వెళ్లేది. ఎవరి మాట నమ్మాలో తెలియాలంటే లీకు ఎక్కడ పుట్టిందో ముందు మనకు తెలియాలి.

ఢిల్లీ, నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్‌లలో ఉంటున్న మన ఉద్యోగుల కుటుంబాలకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ కారుకి వయోపరిమితి ఉంది: పెట్రోలు కారుకి 15 ఏళ్లు, డీజిల్ కారుకి 10 ఏళ్లు. అంటే పాత ఇంజన్ మీద పెట్టే ప్రతి రూపాయికీ ఒక గడువు తేదీ ఉంటుంది. ఏ సీలు మనమే మార్చుకోవచ్చు, ఏది మెకానిక్‌కి వదిలేయాలి, ఏ ఖర్చు పెట్టేముందు ఆగి ఆలోచించాలి అన్న మూడు విషయాలూ ఈ వ్యాసంలో చూద్దాం.

సీలు ఏం చేస్తుంది, ఎందుకు పాడవుతుంది?

ఇంజన్ అనేక లోహపు భాగాలను బోల్టులతో బిగించి చేసినది. రెండు భాగాలు కలిసే ప్రతిచోటా కంటికి కనబడని సందు ఉంటుంది. ఆ సందులోంచి నూనె బయటికి రాకుండా ఆపేదే సీలు. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. కదలని భాగాల మధ్య ఉండేది గ్యాస్కెట్. దీన్నే మెకానిక్‌లు ప్యాకింగ్ అంటారు. తిరిగే షాఫ్ట్ చుట్టూ ఉండేది ఆయిల్ సీల్. దీని లోపలి అంచు పల్చటి పెదవిలా ఉండి, సన్నటి స్ప్రింగ్ సాయంతో షాఫ్ట్‌ని ఎప్పుడూ తాకుతూ ఉంటుంది.

రెండింటికీ ప్రాణం రబ్బరులోని సాగే గుణం. నొక్కితే నొక్కుకుపోయి, వదిలితే మళ్లీ లేచి సందు నింపాలి. ఏళ్ల తరబడి వేడి, నూనె, గాలి తగిలితే రబ్బరులో మెత్తదనాన్నిచ్చే పదార్థాలు పోతాయి. రబ్బరు గట్టిపడుతుంది, నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది. పాత ప్యాకింగ్‌ని బయటికి తీసి వంచితే ప్లాస్టిక్ పుల్లలా పుటుక్కున విరగడం ఇందుకే.

రబ్బరు తిరిగి లేవకపోతే ఎంత నష్టం జరుగుతుందో ప్రపంచానికి తెలిపిన ఘటన 1986 జనవరి 28న జరిగింది. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకు గాల్లోనే ముక్కలైంది, ఏడుగురు వ్యోమగాములు మరణించారు. రాకెట్ బూస్టర్ అతుకులోని రబ్బరు ఓ-రింగ్ ఆ ఉదయపు చలికి బిగుసుకుపోయి, సందు మూయలేకపోవడమే ప్రమాదానికి కారణమని విచారణలో తేలింది. విచారణ సంఘ సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఓ-రింగ్ ముక్కను బిగించి ఐసు నీళ్ల గ్లాసులో ముంచి, తీసి, అది వెంటనే పూర్వపు ఆకారానికి రాదని అందరి ముందూ చూపించాడు. మన కారులో ఇంత ప్రమాదం లేకపోయినా సూత్రం మాత్రం అదే.

ఢిల్లీ వాతావరణం రబ్బరుకి కఠిన పరీక్ష. మే, జూన్ నెలల్లో బయటే 45 డిగ్రీలు. ఆపైన గంటల తరబడి పాకుతూ సాగే ట్రాఫిక్‌లో బానెట్ కింద గాలి ఆడదు. జనవరి తెల్లవారుజామున అదే రబ్బరు నాలుగైదు డిగ్రీల చలిలో పని మొదలుపెట్టాలి. వేసవి సెలవులకు ఊరెళ్లి కారును నెలా రెండు నెలలు కదపకుండా ఉంచినా ఆయిల్ సీల్ పెదవి ఎండుతుంది. అందుకే తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారు కూడా వయసు మీద పడితే కారడం మొదలుపెడుతుంది.

లీకు పుట్టిన చోటు పట్టుకోవడం

నూనె పైనుంచి కిందికి జారుతుంది, కారు నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క రాలిన చోటు వేరు, లీకు పుట్టిన చోటు వేరు. కింద ఆయిల్ చాంబర్ తడిగా ఉందని చాంబర్ ప్యాకింగ్ మార్పించుకుని, నెల తర్వాత మళ్లీ అదే మరక చూసేవారు ఉన్నారు. అసలు నూనె పైన ఉన్న ట్యాపెట్ కవర్ అంచు నుంచి కారుతూ ఉంటుంది. అందుకని వెతకడం ఎప్పుడూ పైనుంచే మొదలుపెట్టాలి.

పద్ధతి సులువే. చల్లబడిన ఇంజన్ పైభాగాన్ని, పక్కలను గుడ్డతో శుభ్రంగా తుడవండి. అనుమానం ఉన్న అంచుల దగ్గర కొంచెం టాల్కమ్ పౌడర్ చల్లండి. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరచండి. ఒకటి రెండు రోజులు మామూలుగా నడిపాక టార్చితో చూస్తే పౌడర్ ఎక్కడ ముందు తడిసిందో కనిపిస్తుంది. అట్ట మీద పడిన చుక్క రంగు కూడా చూడండి. గోధుమ లేదా నల్ల రంగు జిడ్డయితే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో ఉంటే కూలంట్. రంగూ జిడ్డూ లేకపోతే ఏసీ నీరు, దానికి కంగారు అక్కర్లేదు.

పొగ ఇంకో సాక్షి. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు. నడుస్తూ యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలిపొగ వస్తే పిస్టన్ రింగులను అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ నూనె లోపలే కాలుతుంది, నేల మీద మరక పడదు, డిప్‌స్టిక్ మీద మట్టం మాత్రం తగ్గుతూ పోతుంది. పొల్యూషన్ పరీక్షలో తేడా వచ్చేదీ ఈ రకం లీకుతోనే.

ఆయిల్ మూత అడుగున మజ్జిగలాంటి తెల్లటి పూత కనబడితే వెంటనే హెడ్ గ్యాస్కెట్ పోయిందని నిర్ణయానికి రావద్దు. చలికాలంలో ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా మాత్రమే నడిచే కారులో ఆవిరి చేరి కొంచెం పూత రావడం మామూలే. కూలంట్ మట్టం కూడా తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా మెకానిక్‌కి చూపించాలి.

సీలు మార్చే ముందు గాలి దారి చూడండి

చాలామంది వదిలేసే అంశం ఇది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కొంత వాయువు పిస్టన్ల పక్క నుంచి కింది భాగంలోకి దిగుతుంది. దాన్ని మళ్లీ లోపలికి పీల్చి కాల్చేయడానికి పి.సి.వి. వాల్వ్ అనే చిన్న భాగం, దానికో రబ్బరు గొట్టం ఉంటాయి. ఇది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనెను బయటికి నెడుతుంది. ఈ వాల్వ్ చూడకుండా కొత్త సీలు వేస్తే జబ్బు వదిలేసి జ్వరానికి మందు వేసినట్టే.

వాల్వ్ విడిగా తీయడానికి వీలైతే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తీసి చెవి దగ్గర ఊపండి. లోపలి ముక్క గలగలమనాలి. శబ్దం రాకపోతే మార్చేయండి, ఖరీదు తక్కువే. గొట్టం పగిలి ఉన్నా, పిండితే రాయిలా ఉన్నా అదీ మార్చాలి.

ఏది మన పని, ఏది కాదు

సీళ్ల విషయంలో గుర్తుంచుకోవలసిన అసలు సంగతి, సీలు ఖరీదు కంటే దాని దగ్గరికి చేరడానికయ్యే ఖర్చే ఎక్కువ. చేతికి అందేంత దూరంలో ఉంటే ఇంటి పని. దాన్ని చేరడానికి మరో పెద్ద భాగాన్ని విప్పాలంటే మెకానిక్ పని.

మొదటి తరగతి, ఇంట్లో చేసుకోగలిగినవి. ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ పోసే మూత రింగు, డిప్‌స్టిక్ రింగు, పి.సి.వి. వాల్వ్ గ్రామెట్. ఆల్టో, వ్యాగనార్, శాంట్రో వంటి చిన్న పెట్రోలు కార్లలో వీటికి చోటు ధారాళంగా దొరుకుతుంది.

రెండో తరగతి, వేరే పనితో జత చేసి చేయించుకోవలసినవి. మారుతి 800, పాత ఆల్టో, శాంట్రో వంటి టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్లలో క్యామ్ షాఫ్ట్ సీలు, ముందువైపు క్రాంక్ సీలు ఆ బెల్ట్ వెనకే ఉంటాయి. నూనె తడిస్తే బెల్ట్ త్వరగా పాడవుతుంది. అందుకని బెల్ట్ మార్చే రోజునే ఈ సీళ్లూ మార్పించాలి. అలాగే వెనకవైపు క్రాంక్ సీలు కోసం గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ మార్చేటప్పుడూ గేర్‌బాక్స్ దించుతారు కాబట్టి రెండూ కలిపి చేయిస్తే ఒకే కూలితో పోతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయించుకుంటే సరిపోతుంది.

మూడో తరగతి, ఖర్చు లెక్క వేసుకున్నాకే ముట్టుకోవలసినవి. వాల్వ్ సీళ్లు, హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ రింగులు. ఇవి అనుభవం, ప్రత్యేక పనిముట్లు కావలసిన పనులు, ఇంటి దగ్గర ప్రయత్నించవద్దు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్: ఒక ఆదివారం ఉదయపు పని

కావలసినవి: మీ మోడల్ ప్యాకింగ్ సెట్, రాట్చెట్‌తో 10 మి.మీ. సాకెట్, చిన్న టార్క్ రెంచి, ప్లాస్టిక్ గీకుడు పలక, పీచు రాలని గుడ్డలు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, ఇంజన్లకు వాడే సిలికాన్ సీలెంట్ చిన్న ట్యూబు, చేతి తొడుగులు. ప్యాకింగ్ కొనేటప్పుడు కారు పేరు మాత్రమే చెబితే చాలదు. ఒకే పేరుతో వచ్చిన కారులో ఏడాదిని బట్టి ఇంజన్ మారుతుంది. ఆర్.సి. మీది చాసిస్ నంబరు చెప్పి కొనండి. కశ్మీరీ గేట్, కరోల్ బాగ్ మార్కెట్లలో అన్నీ దొరుకుతాయి, నకిలీలతో సహా. కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్, బిల్లు లేకుండా తీసుకోవద్దు. సెట్‌లో స్పార్క్ ప్లగ్ గొట్టాల సీళ్లు, బోల్టుల కింది రబ్బరు వాషర్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఒకటి. రాత్రంతా చల్లబడిన ఇంజన్ మీదే పని చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు బానెట్‌కి దూరంగా ఉండాలి.

రెండు. విప్పకముందే కవర్ చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్షుతో తుడిచేయండి. ఢిల్లీ ధూళి ఒక చిటికెడు లోపల పడినా అది నూనెలో కలిసి బేరింగులను గీకుతుంది.

మూడు. ప్రతి గొట్టం, ప్రతి కనెక్టర్ తీయకముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుగా ఉంటాయి. గొట్టాలను తిన్నగా లాగకుండా, ముందు కొంచెం మెలితిప్పి కదిలించి తీయండి.

నాలుగు. బోల్టులను బయటి అంచు నుంచి మధ్యకు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేయండి. కవర్ అతుక్కుని ఉంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి లేపకూడదు. అల్యూమినియం మీద పడిన గీత మరో లీకుకి దారి అవుతుంది.

ఐదు. కవర్ తీయగానే ఇంజన్ నోటిని శుభ్రమైన గుడ్డతో కప్పండి. పాత ప్యాకింగ్ తీసి, కవర్ గాడిని, ఇంజన్ అంచును క్లీనర్ పోసిన గుడ్డతో జిడ్డు లేకుండా తుడవండి. స్ప్రేని ఇంజన్ లోపలికి కొట్టవద్దు.

ఆరు. కొత్త ప్యాకింగ్‌ని గాడిలో పొడిగానే కూర్చోబెట్టాలి. సీలెంట్ అంతటా పూయకూడదు. మాన్యువల్‌లో చూపిన మూలల్లో, అంటే రెండు మూడు భాగాలు కలిసే చోట, కందిగింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే మిగిలినది లోపలికి ఊడిపడి ఆయిల్ జల్లెడను మూసేస్తుంది, ఇంజన్‌కి నూనె అందదు.

ఏడు. కవర్‌ని నిటారుగా దించండి. ప్యాకింగ్ గాడిలోంచి జారలేదని చుట్టూ వేలితో తడిమి చూడండి. బోల్టులను ముందు చేత్తో, తర్వాత మధ్య నుంచి బయటికి రెండు విడతల్లో బిగించాలి. చాలా చిన్న కార్లలో ఈ బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్లే అవసరం. అంటే 20 సెంటీమీటర్ల రెంచి చివర ఐదు కిలోల బరువంత. మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే ప్యాకింగ్ నలుగుతుంది, కవర్ వంగుతుంది, మర కూడా పోతుంది.

ఎనిమిది. అన్నీ ఫోటో చూసి కలపండి. సాయంత్రం క్యాష్ క్లోజ్ చేసినట్టు లెక్క సరిచూడండి: విప్పిన బోల్టులెన్ని, పెట్టినవెన్ని, వాడిన గుడ్డలెన్ని, చేతికి తిరిగి వచ్చినవెన్ని. తేడా ఉంటే స్టార్ట్ చేయవద్దు. సీలెంట్ ట్యూబు మీద రాసినంత సేపు ఆగి, ఆయిల్ మట్టం చూసి స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడిచాక ఆపి, టార్చితో అంచులన్నీ చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి.

మా సొసైటీ పార్కింగ్‌లో పిల్లలు టార్చి పట్టుకుంటే, మా కారుకి ఈ పని నేను మూడు గంటల్లో పూర్తి చేశాను. అనుభవజ్ఞుడైన మెకానిక్‌కి గంట చాలు. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే కారును గాలి ఆడే చోటికి తెచ్చాకే స్టార్ట్ చేయండి. పరీక్ష కోసమైనా, మరే పని కోసమైనా, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. నూనె గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచండి. వాడిన ఇంజన్ ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. మోరీలో పోస్తే అది నజఫ్‌గఢ్ నాలా వంటి కాలువల గుండా యమునకే చేరుతుంది. వర్క్‌షాపుకి ఇచ్చేయండి.

సీసాలో అమ్మే “లీకు ఆపే” మందుల గురించి ఒక మాట. ఇవి రబ్బరును కొంచెం ఉబ్బించి మెత్తబరుస్తాయి. చిన్న చెమ్మకు కొన్నాళ్లు పనిచేయవచ్చు. విరిగిన ప్యాకింగ్‌ని, అరిగిన షాఫ్ట్‌ని ఏ మందూ బాగుచేయలేదు.

ఖర్చు ముందు, గడువు కూడా ముందు

ఇప్పుడు ఢిల్లీ చిక్కు. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 15 ఏళ్లు దాటిన వాహనాలు ఇక్కడి రోడ్ల మీద తిరగకూడదంది. 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను నిషేధించింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలుకు మొగ్గు చూపింది. 2025 జూలై 1న ఢిల్లీ బంకుల్లో వయసు దాటిన వాహనాలకు ఇంధనం ఆపేశారు, కొద్దిరోజుల్లోనే వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. బి.ఎస్.-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో ఎన్.సి.ఆర్., హైదరాబాద్ సహా కొన్ని పెద్ద నగరాల్లో మొదలైంది, దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లోనే. ఆ మధ్య మన చిన్న ఊళ్లలో కొని ఇక్కడికి తెచ్చుకున్న కారు బి.ఎస్.-3 అయి ఉండవచ్చు. ఇంజన్ మీద పెద్ద మొత్తం పెట్టేముందు ఆర్.సి.లో ప్రమాణం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోండి, రవాణా శాఖ తాజా ఆదేశమూ చూసుకోండి.

ఆ తర్వాత లెక్క సులువు. ఖర్చును కారుకి మిగిలిన నెలలతో భాగించండి. ఉదాహరణకి, 12,000 రూపాయల పని, 24 నెలల గడువు అనుకుందాం, నెలకు 500 పడుతుంది. క్యాబ్ ఖర్చుతో పోలిస్తే పెట్టవచ్చు. అదే గడువు ఆరు నెలలైతే నెలకు 2,000. అప్పుడు పెద్ద పని మానుకుని, మట్టం చూస్తూ ఆయిల్ కలుపుకుంటూ నడపడం ఒక దారి. కానీ నూనె వేడి సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద పడుతుంటే ఈ లెక్క వర్తించదు. అది పొగతో మొదలై మంటదాకా వెళ్లగలదు. గడువు నెల రోజులే ఉన్నా ఆ లీకు ఆపాల్సిందే.

బదిలీ అవకాశం ఉన్నవారి లెక్క వేరు. ఇక్కడ గడువు దగ్గరపడిన కారుకి ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో ఇంకా ఆయుష్షు ఉండవచ్చు. కారు వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ముందు ఇక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 ద్వారా ఎన్.ఓ.సి. కావాలి, అక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లోను తీరినా ఆర్.సి.లో హైపోథికేషన్ అలాగే ఉంటే ఫారం 35 కూడా కావాలి. కౌంటర్‌లో రోజూ ఖాతాదారులకు చెప్పే ఈ మాట మన కారుకి కూడా వర్తిస్తుంది. ఈ దారిలో వెళ్లేవారికి సీళ్ల మీద పెట్టిన ఖర్చు ఏళ్ల తరబడి అక్కరకొస్తుంది.

కాబట్టి వరస ఇది: ముందు ఆర్.సి. చూడండి, తర్వాత పైనుంచి కిందికి లీకు వెతకండి, పి.సి.వి. వాల్వ్ సరిచూడండి, ఆపైనే ప్యాకింగ్ కొనండి. లీకు చిన్నదైనా, పెద్దదైనా, పనిని రేపటికి వాయిదా వేసినా, వారానికోసారి డిప్‌స్టిక్ చూడటం మాత్రం మానవద్దు. సీలు కారితే పార్కింగ్ పాడవుతుంది, నూనె అయిపోతే ఇంజనే పోతుంది.